రెండు చేతుల తాబేలు

ఓడ ముందు తలుపు దించుతున్న గొలుసుల చప్పుడు మొదలైంది. జీపు ఒకసారి ఓడెక్కిందంటే హుమైద్ అవతలి ఒడ్డున హంతకుడిగానే దిగుతాడు. పరుగున వెళ్ళి జీపుకు అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో రాయా," అన్నాడు లెఫ్టినెంట్ షిహాబ్, కిటికీలోంచి తల బయటపెట్టి. "కేసు అయిపోయింది."

"శవం దొరికిందా సార్?"

"దొరుకుతుంది."

"ఆయుధం?"

"అదీ దొరుకుతుంది."

"దొరికినవేమిటో చెప్పండి, తొందరగా అయిపోతుంది."

వెనక సీట్లో కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. షిహాబ్ మొహం ఎర్రబడింది. శిక్షణలో మేమిద్దరం ఒకే బ్యాచి. ఆఖరి పరీక్షలో నాదే పై మార్కు. అయినా అతని భుజం మీద నక్షత్రాలున్నాయి, నా చొక్కా చేతి మీద గీతలే ఉన్నాయి. వాళ్ళ నాన్న రాజధాని మస్కట్‌లో పెద్ద ఉద్యోగి. మా నాన్న ఇదే ద్వీపంలో సొరచేపలు ఎండబెట్టేవాడు. మా ఇంట్లో బడి దాటి కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. ఇదంతా రోజూ తలుచుకుంటూ కూర్చోను. కాని అతను 'రాయా' అనీ, నేను 'సార్' అనీ అన్న ప్రతిసారీ ఆ పై మార్కు గుర్తొస్తుంది.

"విను," అన్నాడు షిహాబ్ దిగి వచ్చి. "నిన్న తెల్లవారుజామున సువైలిం ఇంట్లోంచి బయల్దేరాడు, రోజూలాగే రాస్ వదా ఒడ్డుకి. తిరిగి రాలేదు. అతని అడుగులు తడి ఇసుక దాకా వెళ్ళి ఆగిపోయాయి. ఆ అడుగుల వెనకాలే ఎవరి అడుగులున్నాయి? ఈ అన్నగారివి. మొన్న సాయంత్రం ఊరందరి ముందు తమ్ముణ్ణి ఏమన్నాడు? 'సముద్రం అన్నీ నీకే ఇస్తోంది, ఒకరోజు నిన్నే తీసుకుంటుంది' అన్నాడు. తమ్ముడు తనకు దొరికిన శంఖం చూపిస్తే దిష్టి తగలకుండా 'మాషా అల్లా' అని కూడా అనలేదు. ఇంకేం కావాలి?"

"మాషా అల్లా అననివాళ్ళందరినీ పట్టుకెళ్ళాలంటే ఓడ చాలదు సార్."

వెనక సీటు తలుపు తీశాను. హుమైద్ సంకెళ్ళతో కూర్చుని ఉన్నాడు. గడ్డం నిండా ఎండిన ఉప్పు.

"బాబాయ్, తమ్ముడి వెనకాల ఎందుకు నడిచావు?"

"రోజూ నడుస్తాను కదే పిల్లా, వాడు వెళ్ళిన చాలాసేపటికి." అతని గొంతులో సిగ్గు ఉంది. "వాడు చూడకుండా వదిలేసినదేదైనా దొరుకుతుందేమోనని. వాడు నడిస్తే శంఖాలు దొరుకుతాయి, అత్తరువాళ్ళు బంగారంలా కొనే అంబర్ ముక్కలు దొరుకుతాయి. టూరిస్టులు వాడి పేరే అడుగుతారు, వాడి వెంటే నడుస్తారు, వాడు వేలు చూపిస్తే పక్షి వాలుతుంది. అదే ఇసుక, అదే పొద్దు. నాకు మాత్రం చెప్పులు దొరుకుతాయి. అవీ ఒంటి చెప్పులు."

"కుళ్ళు ఉందన్నమాట," అన్నాడు షిహాబ్.

"ఉంది," అన్నాడు హుమైద్. "ముప్ఫయ్యేళ్ళుగా ఉంది. చంపాలంటే ఇన్నేళ్ళు ఆగుతానా?"

నేను షిహాబ్ వైపు తిరిగాను. "శవం లేని హత్య కేసు తీసుకెళ్తే మస్కట్‌లో మొదట అడిగేది మిమ్మల్నే. ఈ ఓడ వదిలేయండి. సాయంత్రం ఓడకి తీసుకెళ్ళండి. అప్పటికి నాకేమీ దొరక్కపోతే నేనే తలుపు మూస్తాను."

అతను కాసేపు ఓడను చూశాడు, కాసేపు నన్ను చూశాడు.

"సరే. కాని ఇతన్ని జీపులోనే ఉంచుతాను, నీతోపాటు నేనూ వస్తాను. దొరికేదేదో ఇద్దరికీ దొరకాలి. పోయినసారి నీ ఒక్కదాని పేరే పేపర్లో పడింది."

"పోయినసారి మీరు హోటల్లో ఉన్నారు సార్."

*

సువైలిం భార్య జూఖా ఇంటి గుమ్మంలో నిన్నటి నుంచి ఒక కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. షిహాబ్ ఏర్పాటు. హుమైద్ మనుషులు సాక్షిని బెదిరించకుండా అట. ఆ గుమ్మం దగ్గరే షిహాబ్‌ను కూడా ఆపేసింది జూఖా. మగవాళ్ళు లేని ఇంట్లోకి పరాయి మగవాణ్ణి రానివ్వదు.

"నీకు కాఫీ, నాకు గుమ్మం," అని గొణుక్కుంటూ అతను గోడనీడన నిలబడ్డాడు.

నేను లోపలికి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఈ గది నాకు మా ఇల్లు ఎంతో అంత. నాకు అక్షరాలు దిద్దించింది ఈవిడే. మా అమ్మకు చదువు రాదు. జూఖా పిన్ని రాస్ అల్ హద్ నుంచి కోడలిగా వచ్చింది, అక్కడ నాలుగు తరగతులు చదువుకుంది. సాయంత్రాలు మమ్మల్ని ఒడ్డున కూర్చోబెట్టి తడి ఇసుక మీద వేలితో రాసి చూపించేది. అల వచ్చి చెరిపేసేలోగా మేం చదవాలి. నేనే ముందు చదివేదాన్ని. ఆవిడ యాసకు ఊరి పిల్లలు నవ్వేవాళ్ళు. ఆవిడా మాతోపాటే నవ్వేది.

ఇప్పుడు నలభై దాటింది. అయినా ఊళ్ళో పెద్దా చిన్నా అందరూ ఆవిడను జూఖా అనే పిలుస్తారు. మా దగ్గర ఆడదానికి తొలి బిడ్డ పేరుతో 'ఉమ్ ఫలానా', అంటే ఫలానావాళ్ళ అమ్మ, అని కొత్త పిలుపు వస్తుంది. ఆవిడకు రాలేదు.

కాఫీ పోసి, ఖర్జూరాలు గిన్నె మూత మీద పెట్టి నా ముందుకు జరిపింది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఇత్తడి పళ్ళెం ఉండేది, అంచు చుట్టూ పూసలు గుచ్చినట్టు బొడిపెలు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది. ఇప్పుడు కనిపించలేదు.

"పళ్ళెం ఏది పిన్నీ?"

"ఎక్కడో ఉంటుంది. మనిషే కనపడకపోతే పళ్ళెం ఎవరు వెతుకుతారు?"

నిజమే అనిపించింది. ప్రశ్నలోకి వచ్చాను.

"నిన్న ఆయన బయల్దేరినప్పుడు ఏమైనా అన్నాడా?"

"ఏనాడు చెప్పి వెళ్ళాడు గనక? నువ్వెరగవా?" గాజులు వెనక్కి తోసుకుంది. "మొగుడు ఇంకొకర్తెను కట్టుకుంటే కనీసం సవతి మొహం కనపడుతుంది. జుట్టు పట్టుకోవచ్చు, తిట్టిపోయవచ్చు. నా సవతి ఇదిగో, ఈ ఇసుక. తెల్లారితే దాని మీదే నడక. పొద్దుగూకితే దాని మీదే. ఏ పక్షి ఏ మూల వాలిందో చెబుతాడు, నా జ్వరం ఎన్నాళ్ళ నుంచో చెప్పలేడు. వచ్చిన టూరిస్టమ్మలకు గవ్వ ఏరి చేతిలో పెడతాడు. పంతొమ్మిదేళ్ళలో నాకు ఒక్క గవ్వ తెచ్చిపెట్టాడేమో అడుగు."

"హుమైద్ బాబాయి చంపి ఉంటాడంటావా?"

"వాడా? వాడికి చేపను కొట్టాలన్నా చెయ్యి వణుకుతుంది."

"మరి?"

గుమ్మం వైపు చూసింది.

"రాయా, ఆ కాపలా అబ్బాయిని తీసెయ్యమను. నిన్నటి నుంచి అడుగు బయట పెట్టనివ్వడం లేదు. నేనేం చేశానని?"

"నీ రక్షణకే పిన్నీ. సాయంత్రం దాకా ఓర్చుకో."

"సాయంత్రం దాకా," అంది. తర్వాత, ఏదో అడగాలి కాబట్టి అడిగినట్టు, "ఇవాళ పున్నమి కదూ?"

"అవును."

ఖర్జూరం గింజ వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుండిపోయింది. నేను లేచేదాకా తల ఎత్తలేదు.

*

రాస్ వదా ఒడ్డున జీపు ఆపి ముగ్గురం దిగాం. కానిస్టేబుల్ హుమైద్‌తో జీపులోనే ఉన్నాడు, ఇంకో కానిస్టేబుల్ పార పట్టుకుని మా వెనక వచ్చాడు. పోటు మొదలైంది. అలలు మెల్లగా పైకి పాకుతున్నాయి. పీతలు బొరియల పక్కన ఇసుక గోపురాలు కట్టుకుంటున్నాయి, మేం దగ్గరికి వెళ్ళగానే లోపలికి దూరిపోతున్నాయి.

సువైలిం పడవ ఎప్పుడూ ఉండేచోటే బోర్లించి ఉంది. పైన గెడ అడ్డంగా పెట్టి ఉంది.

"ఇందుకే నీళ్ళలో వెతకలేదు," అన్నాడు షిహాబ్. "పడవ ఇక్కడే ఉంటే ఈత రాని మనిషి నీళ్ళ మీద ఎలా పోతాడు? ఒడ్డంతా జల్లెడ పట్టించాను."

"ఆ దిబ్బ?"

కొండ పక్కనున్న మడుగులోకి చూపించాను. నీళ్ళ మధ్య పొడవాటి ఇసుక దిబ్బ ఉంది. దాని మీద నలుపు తెలుపు పక్షులు వందలుగా వాలి ఉన్నాయి, పీతల్ని కొట్టి తినే రకం. అన్నీ ఈ కొసనే ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. దిబ్బ రెండో కొస కొండ చాటున ఉంది, ఇక్కణ్ణుంచి కనపడదు.

"అటు ఎవరూ పోరని ఊరంతా చెప్పింది. పక్షులు బెదురుతాయని సువైలిమే కట్టడి పెట్టాడట. పైగా మధ్యలో పాయ లోతు. పడవ లేకుండా పోలేరు, పడవ ఇక్కడే ఉంది. అయిందా?"

అంత విడ్డూరంగా ఒక కొసకే ఎందుకు ఒదిగాయో అనుకున్నాను. అంతలో షిహాబ్ నా మోచేతి దగ్గరికి వచ్చి, "ఇటు చూడు, నేను చేసిన పని," అన్నాడు. చూపు అటు తిరిగింది.

అలల గీతకు బాగా ఎగువన నాలుగు కర్రలు పాతి, వాటి చుట్టూ పసుపు పట్టీ కట్టి ఉంది. మధ్యలో ఇసుక గుంట, చుట్టూ చిమ్మిన ఇసుక. నీళ్ళ నుంచి గుంట దాకా తాబేలు జాడ, గుంట నుంచి తిరిగి నీళ్ళ దాకా ఇంకో జాడ. కింది భాగం అలలకు చెరిగిపోయింది, పైది చక్కగా ఉంది.

"తాబేలు గూడు," అన్నాడు గర్వంగా. "వెతికేవాళ్ళు తొక్కేస్తారని నేనే కంచె వేయించాను. కేసు కేసే, జీవాలు జీవాలే. మస్కట్ వాళ్ళకు ఇసుక తెలీదని మీ ఊళ్ళో అంటారట కదా."

నేను వంగి చూశాను.

"ఎప్పుడు కట్టించారు ఈ కంచె?"

"నిన్న మధ్యాహ్నం. ఏం?"

"నిన్నటి నుంచీ గుడ్లుంటే పీతలు ఊరుకోవు సార్. ఈపాటికి చుట్టూ బొరియలు వేసి ఉండేవి. ఒక్కటైనా ఉందా?"

అతను చూశాడు. కంచె లోపల ఒక్క బొరియ లేదు.

"పట్టీకి భయపడి ఉంటాయి," అన్నాడు.

"పీతలు చదువుకోలేదు సార్." మోకాళ్ళ మీద కూర్చుని జాడ పక్కన నా చెయ్యి పెట్టాను. "ఇది చూడండి. ఎడమ చేతి గుర్తూ కుడి చేతి గుర్తూ జంటగా ఉన్నాయి, ఒకదానికి ఎదురుగా ఒకటి. ఎలా నడిచిందంటే, రెండు చేతులూ ఒక్కసారే చాపి, ఒళ్ళు ఈడ్చుకుని, మళ్ళీ రెండూ ఒక్కసారే."

"తాబేలు అలాగే కదా నడుస్తుంది?"

"పచ్చ తాబేలు అలా నడుస్తుంది. మా ఒడ్డుకు వచ్చేది అది కాదు, పెద్దతల తాబేలు. అది పాకే పిల్లాడిలా ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి. గుర్తులు అటొకటి ఇటొకటి పడతాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఈ ఒడ్డున జంట గుర్తులు ఏనాడూ చూడలేదు."

"తాబేలు తాబేలే రాయా. దారి తప్పి ఒకటి వచ్చి ఉంటుంది. గూడు తవ్వావంటే నీ మీద నేనే రిపోర్టు రాస్తాను."

"రాయండి. ఇందులో గుడ్లుంటే ఆ కాగితం మీద నేనే సంతకం చేస్తాను."

కానిస్టేబుల్ చేతిలో పార ఉంది గాని అతను కదల్లేదు. మా దగ్గర గూడు తవ్వమంటే సమాధి తవ్వమన్నట్టే. అందుకే, దాచేవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఇక్కడ నీళ్ళలో పారేసిందేదైనా రెండో రోజుకు ఇదే ఒడ్డుకు కొట్టుకొస్తుంది, ఏరుకునేవాళ్ళ కళ్ళు ఒక్కటీ వదలవు. ఒడ్డున ఎక్కడ కొత్తగా తవ్వినా సువైలిం లాంటివాడికి తెలిసిపోతుంది. ఒక్క గూటి జోలికే ఎవరూ పోరు.

చేతులతోనే తవ్వాను. మోచేయి లోతులో వేళ్ళకు గుడ్డ తగిలింది. లాగాను. ఇసుక రాలుస్తూ ఒక ప్రయాణపు సంచి బయటికి వచ్చింది.

షిహాబ్ నన్ను పక్కకు తోసి జిప్ లాగాడు.

మడత విప్పని తెల్లటి కొత్త దిష్‌దాషా, మగవాళ్ళు వేసుకునే నిలువు అంగీ. అత్తరు సీసా. సాంబ్రాణి పొట్లం. వాటికింద వెండి జరీ పనితో ఆకుపచ్చ పట్టు బట్ట, ఎర్రటి కాగితంలో చుట్టిన గాజులు. పెళ్ళికూతురికి తీసుకెళ్ళే సారె.

అలల చప్పుడు దగ్గరైంది.

"ముసలాడు రెండో పెళ్ళికి బయల్దేరాడన్నమాట!" షిహాబ్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "నిన్నటి ఓడకే వెళ్ళాల్సినవాడు. అన్నకు అదీ కళ్ళలో పడింది. శంఖాలే ఓర్వలేనివాడు కొత్త పెళ్ళాన్ని ఓరుస్తాడా? చంపాడు, సంచి పాతిపెట్టాడు. శభాష్ రాయా. ఈ రిపోర్టు నేనే రాస్తాను."

"రాసే ముందు ఒక్క నిమిషం జీపు దగ్గరికి రండి."

హుమైద్ సంకెళ్ళు విప్పించాను. అతను మణికట్లు రుద్దుకుంటూ నా చేతిలో సంచి చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"బాబాయ్, తాబేలు ఎలా నడుస్తుందో చూపించు."

"పిచ్చి పట్టిందా పిల్లా?"

"చూపించు."

అతను షిహాబ్‌ను చూశాడు, నన్ను చూశాడు. 'చదువు ఎక్కువైతే ఇంతే' అన్నట్టు తల ఆడించి, రెండు అరచేతులూ ముందు పెట్టి గాల్లో పాకాడు. కుడి చెయ్యి. ఎడమ చెయ్యి. కుడి చెయ్యి.

"ఇలా కూడా నడుస్తుందా?" నేను రెండు చేతులూ ఒక్కసారే చాపి లాక్కున్నాను.

హుమైద్ ఆ స్థితిలోనూ నవ్వాడు. "అది నీళ్ళలో ఈత. నేల మీద ఏ తాబేలు అలా పాకుతుంది?"

షిహాబ్ మొహంలో నవ్వు పోయింది. అహంకారం ఉందిగాని అతను తెలివితక్కువవాడు కాదు.

"అంటే ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఆ జాడ వేయరు," అన్నాడు నెమ్మదిగా. "వేసినవాళ్ళు వేరే రకం తాబేళ్ళను చూస్తూ పెరిగారు. ఆ పచ్చ తాబేళ్ళు ఎక్కడుంటాయి?"

"సూర్ వైపు. రాస్ అల్ హద్."

"ఈ ఊళ్ళో అటునుంచి వచ్చినవాళ్ళు ఎవరు?"

నేను జాడ వైపు తిరిగి నిలబడ్డాను. పొద్దు వాలి ఇసుక మీద వెలుతురు అడ్డంగా పడుతోంది. తాబేలు చెయ్యి ఆనిందనుకున్న ప్రతి గుర్తు అంచునా ఇప్పుడు సన్నటి గుంటలు వరసగా కనిపించాయి, పూసలు ఒత్తినట్టు. ఇత్తడి పళ్ళెం అంచు. ఇసుక మీద నాకు మొదటి అక్షరం రాసి చూపించిన చెయ్యే ఈ గుర్తులూ వేసింది, అంతే ఓపికగా, రానూ పోనూ రెండు దార్లూ.

"నీకు తెలుసు," అన్నాడు షిహాబ్ నా పక్కకు వచ్చి. "తెలిసీ చెప్పడం లేదు."

"ఒక్క ప్రశ్న నన్నే అడగనివ్వండి."

"అడిగి, పేరు నువ్వే కొట్టేస్తావు."

"పేరు మీరే తీసుకోండి." సంచి అతని చేతిలో పెట్టాను. "నక్షత్రం కూడా మీరే పెట్టుకోండి. ప్రశ్న మాత్రం నాకు వదిలేయండి. మీరు గుమ్మంలో ఉండండి, అలవాటేగా."

అతను జీపు తలుపు తీసి పట్టుకున్నాడు.

*

జూఖా పిన్ని నేను లేచినప్పుడు ఎలా కూర్చుందో అలాగే కూర్చుని ఉంది. కాఫీ చల్లారిపోయింది. సంచి నా వెనక, గుమ్మం అవతల, షిహాబ్ చేతిలో ఉంది. ఆవిడకు కనపడదు.

ఎదురుగా కూర్చున్నాను.

"పిన్నీ, చిన్నప్పుడు అక్షరాలయ్యాక మాతో తాబేలాట ఆడేదానివి, గుర్తుందా?"

"గుర్తులేకేం? మీరంతా నన్ను చూసి పడీపడీ నవ్వేవాళ్ళు."

"ఎందుకు నవ్వేవాళ్ళమో మర్చిపోయాను. ఒక్కసారి చేసి చూపించవూ."

నవ్వబోయింది. పిల్లల మాట వచ్చినప్పుడు ఆవిడ మొహంలో వచ్చే వెలుగు వచ్చింది. రెండు చేతులూ ఎత్తింది. రెండూ ఒక్కసారే ముందుకు చాపింది.

అక్కడే ఆగిపోయింది.

చేతులు గాల్లో అలాగే ఉన్నాయి. నా మోచేతుల దాకా అంటుకున్న తడి ఇసుకను చూసింది. చాలాసేపు చూసింది. చేతులు మెల్లగా ఒళ్ళోకి దించుకుంది.

"తవ్వావా?"

"తవ్వాను."

"ఆ ఆకుపచ్చ పట్టు చూశావా? నా పెళ్ళికి ఆయన తెచ్చింది నూలు." ఒళ్ళోని చేతుల్నే చూస్తూ అంది. "అవతలి ఒడ్డున ఎవరో వితంతువట. ఇద్దరు పిల్లలట. 'వచ్చే ఏటికి మన ఇంట్లోనూ పిల్లాడు పుడతాడు' అని నాతోనే అన్నాడు రాయా, తనతో పాటు నేనూ సంతోషించాలన్నట్టు. దానికి వస్తూనే ఉమ్ అన్న పేరుంది. నాకు దాని వంట చేసిపెట్టడం ఉంది. ఇసుకతో పంచుకున్నాను, పక్షులతో పంచుకున్నాను. దాంతోనూ పంచుకోనా?"

"ఆయన్ని ఏం చేశావు?"

"ఓడ ఎక్కకుండా చేశాను. అంతే. చంపలేదు, నీ మీద ఒట్టు. దిబ్బ కొసన అంబర్ కొట్టుకొచ్చినట్టుంది, బూడిదరంగుగా కనపడుతోందన్నాను. ఓడ సంగతి మర్చిపోయి, సంచి ఒడ్డునే వదిలి పడవెక్కాడు. ఆయనను కదపాలంటే ఆ మాట చాలు. నేనూ ఎక్కాను. ఆయన దిగి వెతుకుతూ అంత దూరం పోగానే గెడ వేసి తిప్పుకొచ్చేశాను, ఒడ్డున నా అడుగులు చెరిపేశాను. నీళ్ళ డబ్బా అక్కడ పెట్టే వచ్చాను." ఊపిరి తీసుకుంది. "ఓడ వెళ్ళిపోయాక, సాయంత్రానికి తెచ్చేదాన్ని. తిట్టేవాడు, కొట్టేవాడు, ఇంట్లో ఉండేవాడు. ఇంతలో మీ పోలీసబ్బాయి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు."

గుమ్మం అవతల షిహాబ్ బూటు చప్పుడు ఆగిపోయింది.

"నాతో ఎందుకు చెప్పలేదు? ఇదే చాప మీద కూర్చుని అడిగానే!"

"చెబితే వెళ్ళి తెస్తారు. తెచ్చి ఓడెక్కిస్తారు, దానికి అప్పజెబుతారు." తల వంచుకుంది. "ఇంకొక్క పూట నాకే ఉంటాడనుకున్నాను."

దిబ్బ. ఒక కొసకే ఒదిగిన పక్షులు. రెండో కొసన, కొండ చాటున, వాటిని బెదరగొట్టడం ఇష్టంలేక ఇటు రాని, ఈత రాని మనిషి. మామూలు పోటుకు దిబ్బ తేలే ఉంటుంది, పున్నమి పోటుకు మునుగుతుంది. లేవబోతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. మధ్యాహ్నం అడగబోయి పున్నమి పేరుతో దాటేసిన ప్రశ్న ఇప్పుడు నోట్లోంచి వచ్చింది.

"రాయా, పోటు ఎంతవరకు వచ్చింది?"

నేను జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంటి మీదుగా ఒక్కసారిగా రెక్కల చప్పుడు, అరుపులు. కిటికీలోంచి చూశాను. నలుపు తెలుపు పక్షులు వందలుగా, మందంతా, నేల వైపు వస్తున్నాయి. నిలబడటానికి దిబ్బ మీద చారెడు ఇసుక మిగిలి ఉన్నంతసేపూ ఆ పక్షులు లేవవు.

"షిహాబ్!" అని అరిచాను. మొదటిసారి సార్ అనలేదు.

అతను అప్పటికే పడవ వైపు పరిగెడుతున్నాడు.